‘కింగ్’ అనే మాట సంస్కృత ‘జనక’ నుంచి పుట్టిందా? నక్షత్రం గుర్తున్న ‘కునింగజ్’ను ఎందుకు నమ్మాలి?

మీరు రెండు సంగతులు అడిగారు. ఇంగ్లీషు ‘కింగ్’, జర్మన్ ‘కోనిగ్’ అనే మాటలు సంస్కృత ‘జనక’ శబ్దం నుంచే వచ్చాయని చదివానని, అది నిజమేనా అని మొదట అడిగారు. వ్యుత్పత్తి నిఘంటువులు ఈ మాటలకు మూలంగా నక్షత్రం గుర్తు పెట్టి ‘*కునింగజ్’ అనే రూపాన్ని ఇస్తున్నాయి కదా, ఏ శాసనంలోనూ ఏ రాతప్రతిలోనూ దొరకని మాటను మూలమని ఎలా ఒప్పుకోవాలని తర్వాత అడిగారు. మొదటిదానికి నా జవాబు, కాదు. కాకపోతే రెండు మాటల ధాతువూ ఒక్కటే. రెండోదానికి జవాబు, ఒప్పుకోవచ్చు. ఎందుకంటే దాదాపు అదే రూపాన్ని ఈనాటికీ రోజూ పలికే భాష ఒకటి ఉంది, పైగా అది ఇంగ్లీషు, జర్మన్, స్వీడిష్ వంటి భాషలున్న జర్మానిక్ కుటుంబానికి చెందిన భాష కాదు. హైదరాబాదులో భాషాశాస్త్రం ఎం.ఏ. చదివేటప్పుడు ఈ రూపాన్ని నేను పరీక్ష కోసమే గుర్తుపెట్టుకున్నాను. ఉద్యోగరీత్యా ఫిన్లాండులోని ఎస్పో నగరంలో కొన్నేళ్లు కాపురం ఉన్న తర్వాత దాన్ని చూసే తీరు మారింది. అందుకే ఈ జవాబు కొంచెం పెద్దదవుతోంది.

‘జనక’ సంగతి ముందు తేల్చుకుందాం. ఈ పోలిక ఈమధ్య సామాజిక మాధ్యమాల్లో పుట్టింది కాదు. 19వ శతాబ్దంలో సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ అంతటివాడే ‘కింగ్’ మాటను ‘జనక’తో ముడిపెట్టి, రాజు అంటే మొదట తండ్రి అని అర్థం చెప్పాడు. వినడానికి బాగుంటుంది, విదేహ రాజు జనకుడు కూడా గుర్తుకొస్తాడు, కాబట్టి ఆ మాట నిలిచిపోయింది. కానీ ధ్వనులు ఒప్పుకోవు. ‘జనక’లో కకారానికి ముందు అనునాసికం లేదు, ‘కునింగ్’లో గకారానికి ముందు ఉంది. మొదటి అచ్చు కూడా కుదరదు. అన్నిటికీ మించి, ‘కునింగ్’ చివరనున్న ‘ఇంగ్’ అనేది జర్మానిక్ భాషల్లో విడిగా బతుకుతున్న ఒక ప్రత్యయం. దాని సంగతి కాసేపటికి వస్తుంది.

చుట్టరికం మాత్రం ఉంది, అది గట్టిదే. సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు వంటి భాషలన్నిటికీ పూర్వభాష అయిన మూల ఇండో-యూరోపియన్ భాషలో ‘పుట్టు, పుట్టించు’ అనే అర్థం గల ఒక ధాతువు ఉండేది. దాని మొదటి హల్లు తాలవ్యమైన గకారం. ఆ హల్లు సంస్కృతంలో జకారమైంది, లాటిన్‌లో, గ్రీకులో గకారంగానే నిలిచింది, జర్మానిక్‌లో కకారమైంది. సంస్కృత ‘జన’, లాటిన్ ‘గెనుస్’, ఇంగ్లీషు ‘కిన్’ అలా ఏర్పడ్డాయి. ఇది ఒక్క మాటతో చేసిన గారడీ కాదనడానికి మరో రెండు జతలు చూడండి. మోకాలికి సంస్కృతంలో ‘జాను’, ఇంగ్లీషులో ‘నీ’. తెలుసుకోవడానికి సంస్కృతంలో ‘జ్ఞా’ ధాతువు, ఇంగ్లీషులో ‘నో’. ఈ రెండు ఇంగ్లీషు మాటల రాతలో మొదట ఒక ‘కె’ అక్షరం ఉండి, దాన్ని పలకవద్దని మనకు బడిలో నేర్పుతారు. పాత ఇంగ్లీషులో దాన్ని పలికేవారు. మన జకారానికి ఎదురుగా నిలబడే కకారం అదే.

ఇంకొంచెం లోపలికి వెళితే, ‘కునింగ్’లోని ‘కున్’ భాగానికి దగ్గరి చుట్టం ‘జనక’ కాదు, ‘జాతి’. ఆ ధాతువులోని అచ్చు పూర్తిగా లోపించినప్పుడు మిగిలే నకారం జర్మానిక్‌లో ‘ఉన్’ అయింది. సంస్కృతంలో దాని పక్కన గొంతు లోతున పలికే ఒక ధ్వనితో కలిసి ‘ఆ’ అయింది. అందువల్ల అక్కడి ‘కున్’కు ఇక్కడి ‘జా’ సరిగ్గా సమానం. రకం అనే అర్థంలో వాడే ఇంగ్లీషు ‘కైండ్’, మన ‘జాతి’ అయితే ధాతువు, ప్రత్యయం రెండూ కలిసే జంట మాటలు. మామిడిలో ఎన్ని జాతులున్నాయని మనం అడిగినప్పుడు అర్థం కూడా కలుస్తుంది.

ఇక ‘ఇంగ్’. ఇది ‘ఫలానావారికి చెందినవాడు, ఫలానావారి సంతతి’ అని చెప్పే ప్రత్యయం. ఫ్రాంకుల రాజవంశాలను మనం మెరోవింజియన్లు, కరోలింజియన్లు అంటాం; మెరోవెఖ్ సంతతివారు, కార్ల్ సంతతివారు అని వాటి అర్థం, మధ్యలో ఉన్నది ఈ ప్రత్యయమే. ఇంగ్లండులో హేస్టింగ్స్, రెడ్డింగ్, జర్మనీలో ట్యూబింగెన్ వంటి ఊళ్ల పేర్లలోనూ ఇదే కనిపిస్తుంది. వంశం అనే అర్థం గల ‘కున్య’ మాటకు ఈ ప్రత్యయం చేరితే ‘వంశీకుడు’ అనే అర్థం వస్తుంది. ఏ వంశం, ఎలాంటి వంశం అన్న చోట పండితులు విడిపోతారు. గొప్ప వంశంలో పుట్టినవాడని కొందరు, వంశానికంతటికీ ప్రతినిధిగా నిలిచేవాడని కొందరు, దేవతల నుంచి దిగివచ్చిందని చెప్పుకునే వంశపు బిడ్డడని మరికొందరు అన్నారు. నాకు మొదటిదే సబబనిపిస్తుంది. రోమన్ రచయిత టాసిటస్ క్రీ.శ. 98లో జర్మానిక్ తెగల గురించి రాస్తూ, వాళ్లు రాజులను కులీనతను బట్టి, సేనానులను పరాక్రమాన్ని బట్టి ఎన్నుకుంటారన్నాడు. ఆ మాటకు ఈ వ్యుత్పత్తి చక్కగా అతుకుతుంది.

లోకనిరుక్తులకు మనవాళ్లే మొనగాళ్లు అనుకుంటాం కాని, ఈ మాటకు స్కాండినేవియాలోనూ ఒకటుంది. ‘రీగ్స్‌థూల’ అనే పాత నార్స్ కావ్యంలో ‘కోన్ర్ ఉంగ్ర్’ అనే కుర్రవాడు వస్తాడు. ‘పిన్న కోన్’ అని ఆ పేరుకు అర్థం. రెండు ముక్కలూ కలిపి పలికితే వాళ్ల భాషలో రాజు అనే ‘కొనుంగ్ర్’ వచ్చేస్తుంది. అది కవి చమత్కారమే తప్ప వ్యుత్పత్తి కాదు.

నక్షత్రం గుర్తు దగ్గరికి వస్తాను. సాక్ష్యంలో దొరకని, లెక్కగట్టి రాబట్టిన రూపానికి ముందు ఆ గుర్తు పెట్టడాన్ని 1860ల్లో జర్మన్ పండితుడు ఆగస్ట్ ష్లైఖర్ వాడుకలోకి తెచ్చాడు. మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు మూల ద్రావిడ రూపాలను పునర్నిర్మించినప్పుడు కూడా అదే గుర్తు, అదే పద్ధతి. సోదర భాషల్లోని మాటలను పక్కపక్కన పెట్టి, వాటి మధ్య ధ్వనులు ఎక్కడ చూసినా ఒకే నియమంతో తేడా పడుతున్నాయా అని చూసి, ఆ తేడాలన్నిటినీ వివరించగల ఒకే పూర్వరూపాన్ని రాబట్టడం ఆ పద్ధతి. ఇక్కడ మన ముందున్నవి పాత ఇంగ్లీషు ‘క్యునింగ్’, పాత సాక్సన్ ‘కునింగ్’, పాత హై జర్మన్ ‘కునింగ్’, పాత నార్స్ ‘కొనుంగ్ర్’, నేటి డచ్చి ‘కోనింగ్’. నేటి స్వీడిష్‌లో ఇది ‘కుంగ్’గా కుంచించుకుపోయింది, డేనిష్‌లో ‘కోంగే’ అయింది. జర్మన్ ‘కోనిగ్’ చివర ఒక అనునాసికాన్ని జారవిడుచుకుంది. ఇంగ్లీషు ‘కింగ్’ మధ్యలోని ‘ని’ని మింగేసింది.

పాత ఇంగ్లీషు రూపంలో మొదటి అచ్చు మన ‘ఉ’ కాదు, పెదవులు గుండ్రంగా ఉంచి ‘ఇ’ పలికితే వచ్చే ధ్వని. తర్వాతి అక్షరంలోని ‘ఇ’ ముందున్న ‘ఉ’ని తనవైపు లాక్కుంది. ఇలా ఒక అచ్చు పొరుగు అచ్చును మార్చడం మనకు కొత్త కాదు. ‘పులి’కి బహువచనం ‘పులులు’ అయినప్పుడు, ‘కత్తి’ ‘కత్తులు’ అయినప్పుడు జరిగేది ఆ కోవలోనిదే. ఇంగ్లీషులో ఆ గుండ్రని అచ్చు తర్వాత మామూలు ‘ఇ’ అయిపోయింది. కాబట్టి ‘కున్’ నుంచి ‘కిన్’, ‘కింగ్’ రావడంలో వింతేమీ లేదు.

ఒక చిక్కు దాచకూడదు. జర్మానిక్ భాషల్లో అన్నిటికన్నా పాత సాహిత్యం గోథిక్‌లో ఉంది. 4వ శతాబ్దంలో వుల్ఫిలా చేసిన బైబిలు అనువాదమే అందులో ముఖ్యం. అందులో ‘కునింగ్’ లేదు. రాజుకు అక్కడ ‘థియుదన్స్’ అనే మాట వాడారు. అది ‘ప్రజ’ అనే అర్థం గల ‘థియుద’ నుంచి పుట్టింది. జర్మన్లు తమ భాషను ‘డాయిచ్’ అని పిలుచుకునే మాట కూడా ఆ మూలానిదే. అంటే ప్రజ నుంచి ఒక పాలకుడి పేరు, వంశం నుంచి ఒక పాలకుడి పేరు రెండూ చలామణీలో ఉండేవి. గోథులు ఒకటి నిలుపుకున్నారు, ఉత్తరాన, పడమట ఉన్నవారు రెండోదాన్ని నిలుపుకున్నారు. అందుకే ‘కునింగజ్’ మూల జర్మానిక్ కాలానికే చెందిందా, కొంచెం తర్వాతిదా అన్న వాదన ఇంకా ఉంది.

ఇప్పటిదాకా చెప్పిన సాక్ష్యంతో ‘కునింగ్’ దాకా ఎవరైనా వస్తారు. ఆ చివరి ‘అజ్’ ఎక్కడిది? ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ దాని జాడ లేదు. నార్స్ రూపంలో చివరనున్న రేఫ ఒక్కటే ఏదో ఒకప్పుడు ఉండేదని చెబుతుంది. ఎస్పోలో నాకు ఈ ప్రశ్న రోడ్డు మీద ఎదురైంది. ఆ ఊరు రెండు భాషల ఊరు. వీధి పేర్ల పలకల మీద పైన ఫిన్నిష్, కింద స్వీడిష్ ఉంటాయి. టుర్కు నుంచి వీబోర్గ్ దాకా వెళ్లే పాత రాజమార్గం ఎస్పో గుండా పోతుంది. దాని పలక మీద పైన ‘కునింకాన్‌తియె’, కింద ‘కుంగ్స్‌వేగెన్’ అని ఉంటుంది. రెండింటికీ ‘రాజు దారి’ అనే అర్థం. పై వరుసలోని మాటకు ప్రథమా విభక్తి ‘కునింగాస్’, అంటే రాజు. ఫిన్నిష్ వాళ్లు దాన్ని ‘కు’ మీద ఊనిక వేసి, చివరి ‘స్’ స్పష్టంగా వినపడేలా పలుకుతారు. ఒకే మాట రెండు వయసుల్లో ఒకే పలక మీద ఉంది. పెద్ద వయసుది జర్మానిక్ భాషలో కాక ఫిన్నిష్‌లో ఉంది.

ఫిన్నిష్ మన ద్రావిడ భాషల్లాగే ఇండో-యూరోపియన్ కుటుంబానికి బయటిది. ఆ భాష మాట్లాడేవారి పూర్వీకులు సుమారు రెండు వేల ఏళ్ల కిందట బాల్టిక్ తీరంలో జర్మానిక్ భాషీయులతో కలిసి మెలిగినప్పుడు ఈ మాటను ఎరువు తెచ్చుకున్నారు. తెచ్చుకునేటప్పుడు విభక్తి ప్రత్యయంతో సహా తెచ్చుకున్నారు. వాళ్ల భాషలో ‘జ్’ ధ్వని లేదు కాబట్టి అది ‘స్’ అయింది. ఇచ్చినవాళ్ల భాషల్లో ఆ చివరి అక్షరం అరిగిపోయింది. తీసుకున్నవాళ్లు అది ప్రత్యయమని ఎరగక ప్రాతిపదికలో భాగమనుకున్నారు, అందుకే అది నిలిచింది.

తెలుగువాళ్లకు ఇందులో రుచించే సంగతి మరొకటుంది. జర్మానిక్ ‘అజ్’, గ్రీకు ‘ఓస్’, లాటిన్ ‘ఉస్’, సంస్కృతంలోని ‘రామః’ చివరి విసర్గ, ఇవన్నీ ఒకే ప్రథమా విభక్తి ప్రత్యయం. మనం ‘రామః’ను తీసుకున్నప్పుడు విసర్గను అక్కడే వదిలి, ‘రామ’ ప్రాతిపదికకు మన ‘డు’ చేర్చి ‘రాముడు’ అన్నాం. ‘మనస్సు’లో, ‘తేజస్సు’లో సకారం ఉండటానికి కారణం వేరు, అది ప్రాతిపదికలోనిదే. సంస్కృతం మన పండితులకు వ్యాకరణంతో సహా తెలుసు కాబట్టి ఎక్కడ కోయాలో తెలిసి కోశారు. ఫిన్నిష్ వాళ్లు విన్నది విన్నట్టు తీసుకున్నారు. వ్యాకరణం తెలియకపోవడం వల్ల భాషాశాస్త్రానికి ఇంత మేలు జరిగిన సందర్భాలు అరుదు.

ఒక్క మాటతో సిద్ధాంతం నిలబడదని మీరు అనవచ్చు. ఫిన్నిష్‌లో ఉంగరానికి ‘రెంగాస్’, గొర్రెకు ‘లమ్మాస్’, అందమైన అనడానికి ‘కౌనిస్’, సంస్థానాధీశుడికి ‘రుహ్తినాస్’ అంటారు. వరుసగా ఇంగ్లీషు ‘రింగ్’, ‘లాంబ్’, జర్మన్ ‘షోన్’ వీటి బంధువులు. నాలుగోది యుద్ధబృందం నాయకుడనే అర్థంలో ఉండిన జర్మానిక్ ‘*ద్రుహ్తినజ్’. ‘రెంగాస్’లోని ‘ఎ’ని గమనించండి. తెలిసిన జర్మానిక్ భాషలన్నిటిలో అది ‘ఇ’ అయిపోయింది. ఫిన్నిష్‌లో మాత్రం ఆ మార్పుకు ముందటి అచ్చు అలాగే ఉంది. ఈ ఎరువు మాటలను శాస్త్రీయంగా పరిశీలించి 1869లో ప్రకటించినవాడు డేనిష్ పండితుడు విల్‌హెల్మ్ థామ్‌సెన్. తర్వాతి కాలంలో వచ్చిన ఎరువు మాటలకు ఫిన్నిష్ వేరే పద్ధతి పట్టింది, చివర ‘ఇ’ చేర్చడం మొదలుపెట్టింది. చక్రవర్తికి వాళ్ల మాట ‘కేయిసరి’, స్వీడిష్ నుంచి వచ్చింది. మన ‘బస్సు’ వాళ్లకు ‘బుస్సి’, మన ‘బ్యాంకు’ వాళ్లకు ‘పంక్కి’. కాబట్టి మాట చివర ‘ఆస్’ ఉందా ‘ఇ’ ఉందా అన్నది చూసి అది ఏ కాలంలో వచ్చిందో ఫిన్నిష్ పాఠం చదువుకుంటూనే ఊహించవచ్చు. నా భాషా తరగతిలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఈ పని చేస్తూ కూర్చునేదాన్ని. మా ఉపాధ్యాయురాలికి మాత్రం షష్ఠీ విభక్తి సరిగ్గా రాయడం మీద ఉన్న శ్రద్ధ దీని మీద ఉండేది కాదు.

ఆ చివరి ‘జ్’కు జర్మానిక్ లోపలే రాతపూర్వక సాక్ష్యం కూడా ఉంది. డెన్మార్కులోని గాలెహుస్‌లో 1734లో ఒక బంగారు కొమ్ము దొరికింది. క్రీ.శ. 400 ప్రాంతానిదైన ఆ కొమ్ము అంచున, జర్మానిక్ తెగలు వాడిన పాత లిపి అయిన రూనిక్‌లో ‘ఏక్ హ్లేవగస్తిజ్ హోల్తియజ్ హోర్న తవిదో’ అని చెక్కి ఉంది. హోల్తియజ్ అయిన హ్లేవగస్తిజ్ అనే నేను ఈ కొమ్మును చేశాను అని భావం. ‘గస్తిజ్’ అన్నది నేటి ఇంగ్లీషు ‘గెస్ట్’. ‘హోల్తియజ్’ చివర మనం వెతుకుతున్న ‘అజ్’ ఉండనే ఉంది. 1802లో ఒక కంసాలి దాన్ని, అంతకు ముందు 1639లో అదే చోట దొరికిన మరో కొమ్మును దొంగిలించి కరిగించేశాడు. ఈ రోజు మనం చదివే శాసనం అంతకుముందు వేసి ఉంచిన చిత్రాల పుణ్యమే.

‘కునింగజ్’ సంతానం సంగతి ఇంకా ఉంది. స్లావిక్ భాషలు ఈ మాటను తొలినాళ్లలోనే ఎరువు తీసుకున్నాయి. రష్యన్‌లో సామంతరాజును, యువరాజును చెప్పే ‘క్న్యాజ్’ అదే. అసలు రాజుకు మాత్రం స్లావులు ఫ్రాంకుల చక్రవర్తి కార్ల్ పేరునే సామాన్యనామం చేసుకున్నారు. క్రీ.శ. 814లో మరణించిన ఆ షార్లమేన్ పేరు రష్యన్‌లో ‘కరోల్’, పోలిష్‌లో ‘క్రూల్’, చెక్‌లో ‘క్రాల్’ అయి రాజు అనే అర్థంలో స్థిరపడింది. అందువల్ల ‘కునింగజ్’ వారసుడికి ఒక మెట్టు కింద చోటు దొరికింది. చెక్‌లో ‘క్నెజ్’, పోలిష్‌లో ‘క్షోంద్జ్’ అంటే ఇప్పుడు చర్చి పూజారి. లిథువేనియన్‌లోనూ ‘కునిగస్’ పూజారే. ఆఫీసులో నా పక్కన కూర్చునే లిథువేనియా సహోద్యోగికి ఫిన్నిష్ ‘కునింగాస్’ ఎదురైనప్పుడల్లా రాజుకు బదులు పాదిరీ గుర్తుకొచ్చేవాడట. లాట్వియన్‌లో ‘కుంగ్స్’ అంటే దొర, అయ్యగారు. ఇంటిపేరు తర్వాత మన ‘గారు’లా కూడా చేరుస్తారు.

ఫిన్లాండులో మాట ఇన్ని శతాబ్దాలు చెక్కుచెదరకుండా ఉన్నా, వాళ్లకంటూ సొంత రాజు ఎన్నడూ సింహాసనం ఎక్కలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1918 అక్టోబరు 9న పార్లమెంటు జర్మనీలోని హెస్సె రాకుమారుడు ఫ్రీడ్రిఖ్ కార్ల్‌ను రాజుగా ఎన్నుకుంది. జర్మనీ యుద్ధంలో ఓడిపోవడంతో ఆయన ఆ దేశంలో అడుగైనా పెట్టకుండానే డిసెంబరులో తప్పుకున్నాడు. అక్కడి పిల్లలకు రాజు ఎక్కువగా తారసపడేది చదరంగంలో. మావాడు ఆడే బల్ల మీద రాణి పేరు ‘కునింగటార్’. చివరి ‘టార్’ కూతురు అనే అర్థం గల ‘త్యుతేర్’ నుంచి వచ్చిన స్త్రీవాచక ప్రత్యయం; ఆ ‘త్యుతేర్’ బాల్టిక్ భాషల నుంచి వచ్చిన ఎరువు, మన ‘దుహిత’కు చుట్టం.

మీ ప్రశ్నలో లేకపోయినా, ‘రాజు’కు అక్కడ బంధువులు లేరా అన్న సందేహం వస్తుంది. ఉన్నారు, కానీ ‘కింగ్’ కాదు. సంస్కృత ‘రాజన్’, లాటిన్ ‘రేక్స్’ ఒక కొమ్మవి. ఆ మాట జర్మానిక్‌లోకి కెల్టిక్ భాషల ద్వారా దిగుమతి అయింది. లాటిన్‌లోని ‘ఏ’ స్థానంలో ‘ఈ’ ఉండటం కెల్టిక్ గుర్తు. జర్మన్ ‘రైఖ్’, ఇంగ్లీషు ‘రిచ్’, ఫ్రీడ్రిఖ్ పేరులోని రెండో సగం అన్నీ అక్కడివే. ఇంగ్లీషు ‘క్వీన్’ కూడా రాణికి సంబంధించింది కాదు. దాని మూలం స్త్రీ అనే అర్థం గల పాత మాట, వేదభాషలోని ‘జని’కి సోదరి.

పోలిష్ నేర్చుకునేవారెవరైనా ఈ జవాబు చదువుతుంటే వారికి ఒక్క హెచ్చరిక. ఆ భాషలో చంద్రుణ్ణి ‘క్షెంజిత్స్’ అంటారు. రాజు కొడుకు, చిన్న దొర అనే అర్థం నుంచి నెలవంకకు, అక్కడి నుంచి చంద్రుడికి ఆ పేరు వచ్చింది కాబట్టి అది నిజంగానే ‘కునింగజ్’ సంతానం. కానీ చూడటానికి అచ్చం దానిలాగే ఉండే, పుస్తకం అనే అర్థం గల ‘క్షోంష్క’కు ఈ వంశంతో ఏ సంబంధమూ లేదు.